ఎవరికి చెప్పారు?

కోర్టు మూడో అంతస్తులో, సాక్షుల గది బయట చెక్క బెంచీ మీద కూర్చుని టైలరమ్మ తన నాలుగు ముక్కలూ మళ్ళీ నెమరువేసుకుంటోంది. ఆయన కారు ఆపాడు. దిగి నా దగ్గరికొచ్చాడు. కదలకండి, ఇప్పుడే వస్తాను అన్నాడు. మళ్ళీ రాలేదు. అంతే. పెద్ద కథేం కాదు. కాని ఈ నాలుగు ముక్కలు నలుగురి ముందూ చెప్పే రోజు కోసం ఆమె ఏడాది పైగా ఎదురుచూసింది. బట్టల కొట్టు వెనకగదిలో ప్యాంట్లు పొట్టి చేస్తూ, పెళ్ళయ్యాక ఒళ్ళు చేసిన మగాళ్ళ కోట్లు వదులు చేస్తూ, సూది నోట్లో ఉన్నప్పుడు కూడా లోపల్లోపల ఇదే వల్లించుకునేది.

ఆ రోజు వాన. కొట్టు కట్టేసి వెనకవీధి దాటుతుంటే కారు గుద్దింది. గుద్దిన మాటలో ఎవరికీ అనుమానం లేదు. పగిలిన లైటు ముక్కలు దొరికాయి, వీధి మలుపులో కెమెరాకి నంబరు దొరికింది, కారువాడూ దొరికాడు. పెయింట్ల కంపెనీలో సేల్స్‌మన్. రోడ్డు పక్కన పెట్టిన డబ్బా ఏదో తగిలిందనుకున్నాను, మనిషని తెలీదు, తెలిస్తే ఆగనా అన్నాడట. ఆగాడని టైలరమ్మ అంటుంది. ఆగడం చూసినవాళ్ళు లోకంలో ఇంకెవరూ లేరు.

తలకి దెబ్బ తగిలినప్పుడు జ్ఞాపకంలో ఖాళీలు పడతాయనీ, వాటిని మెదడు తనకి తోచినదాంతో నింపేసుకుంటుందనీ ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. చెడ్డవాడేం కాదు, మెత్తగానే చెప్పాడు. కాని ఆ ముక్క అన్నయ్య చెవిన పడింది. అన్నయ్య చెవిన పడ్డ మాట ఊరంతటికీ చేరినట్టే. "పాపం, అదేదో కలగంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, పక్క మంచం వాళ్ళక్కూడా. వినగా వినగా టైలరమ్మకే తన మీద నమ్మకం సడలింది. పొద్దున లేవగానే అది నిజమనిపించేది, సాయంత్రానికి కలేనేమో అనిపించేది. తన తలలో ఉన్నది తనకి జరిగిందో లేదో తనకే తెలియకపోవడం ఎలాంటి బాధో ఎవరికి చెబితే అర్థమవుతుంది? ఆ కారాయన్ని ఎదురుగా నిలబెట్టి లాయరు అడిగితే, నోటితో కాకపోయినా మొహంతో అయినా చెబుతాడు కదా అని ఆమె ఆశ. శిక్ష ఎంత పడుతుందన్న సంగతి ఆమె పట్టించుకోనే లేదు.

పక్కనే కూర్చున్న అన్నయ్య గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. బీమా ఏజెంటు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, వదిన పెట్టిన 'హోల్‌సేల్' అన్న పేరే చుట్టపక్కాలందరిలో నిలిచిపోయింది. ఇంట్లో ఎవరి పని అయినా టోకున ఆయనే చేస్తాడు. హోటలుకి వెళ్తే ఎవరికేం కావాలో ఆయనే చెప్పేస్తాడు. డాక్టరు దగ్గర నొప్పి ఎక్కడో ఆయనే చూపిస్తాడు, అదీ తన ఒంటి మీద. బ్యాంకు నించి, స్కూలు నించి, గ్యాసు వాళ్ళ నించి వచ్చే ఫోన్లన్నీ ఆయనకే. మనిషి బంగారం, అందులో అబద్ధం లేదు. టైలరమ్మ పెళ్ళి చేసుకోకుండా ఆయన ఇంటి పైవాటాలో ఉంటుంది. కాలు విరిగి పడుకున్నన్నాళ్ళూ ఆమెని ఎత్తి మెట్లెక్కించింది కూడా ఆయనే. అంత చేసినవాణ్ణి నోరు మూసుకోమనడం ఎవరి తరం?

చేతిలో ఫైళ్ళ దొంతరతో ప్రాసిక్యూటరమ్మ వచ్చింది. చిన్న వయసే, కళ్ళ కింద మాత్రం పెద్ద వయసు. టైలరమ్మని చూసి నవ్వింది.

"వచ్చారా, మంచిది. రానక్కర్లేదని చెప్పాంగానీ, చూస్తానంటే మీ ఇష్టం."

"రానక్కర్లేదా? నేను రాకపోతే ఎవరు చెప్తారు మేడమ్?"

"ఏం చెప్పాలి?"

"జరిగింది."

ప్రాసిక్యూటరమ్మ అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య గోడకి తగిలించిన, మంటలార్పే ఎర్ర సిలిండరు మీద రాసి ఉన్న సూచనల్ని మహా శ్రద్ధగా చదువుకుంటున్నాడు.

"ఇవాళ విచారణ లేదండీ. ఆయన నేరం ఒప్పుకుంటున్నాడు."

టైలరమ్మ బెంచీ మీంచి సగం లేచింది. "ఒప్పుకున్నాడా? ఆగానని చెప్పాడా?"

"అది కాదు. అజాగ్రత్తగా నడిపి గాయపరిచానని ఒప్పుకుంటున్నాడు. తెలిసీ వదిలేసి పోయాడన్న రెండో ఆరోపణ మేం వదిలేసుకుంటున్నాం. దానికి బదులుగా ఆయన దీన్ని ఒప్పుకుంటాడు. ఒప్పందమన్నమాట."

"ఒప్పందం ఎవరితో?"

"ఆయన లాయరుతో."

"నాతో కాదా?"

"మీతో కాదండీ. మా ఆఫీసు చేస్తుంది."

టైలరమ్మకి తల దిమ్మెక్కింది. ఒప్పుకున్నాడట, ఆమె అడిగింది మాత్రం ఒప్పుకోలేదట. "అయితే మనం గెలిచినట్టా?"

"ఒక రకంగా."

"ఇంకో రకంగా?"

ప్రాసిక్యూటరమ్మ వచ్చి బెంచీ చివర కూర్చుంది. ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుంది.

"రెండోది అబద్ధమని వదిలేశారా?" టైలరమ్మ మళ్ళీ అడిగింది.

"అబద్ధమని కాదు. రుజువు చెయ్యడం కష్టమని."

"రుజువు నేనే కదండీ."

"మీరొక్కరే." ఆ మాట అని, కొంచెం నొచ్చుకున్నట్టు గొంతు తగ్గించింది. "విచారణకెళ్ళి ఓడిపోతే అసలు ఏదీ మిగలదు. అందుకే ఇలా చేశాం. కోర్టులో చదివే కాగితంలో మాత్రం, మనిషిని గుద్దినట్టు ఆయన అప్పుడు గమనించలేదని ఉంటుంది. రెండు పక్షాలూ దానికి సరేనన్నాయి. ఇవన్నీ మీకు ముందే చెప్పాలి, మీరేమంటారో వినాలి. అది మా బాధ్యత. చెప్పాం కూడా." అంతలో ఆమెకి ఏదో అనుమానం వచ్చింది. "చెప్పారు కదా మీకు?"

"నాకెవరు చెప్పారు?"

ప్రాసిక్యూటరమ్మ లేచి, లిఫ్టు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్న తన ఆఫీసు అమ్మాయిని పిలిచింది. బాధితులకి ఫోన్లు చేసి కేసు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడం ఆ అమ్మాయి ఉద్యోగం. "ఈ కేసులో ఒప్పందం గురించి ఎవరికి చెప్పారు?"

"వాళ్ళింట్లో చెప్పాను మేడమ్. ఫైల్లో ఉన్న నంబరుకే చేశాను. వాళ్ళ అన్నగారు ఎత్తారు. మొత్తం వివరంగా చెప్పాను. మా ఇంట్లో అందరి తరఫునా నేనే మాట్లాడతాను, కానివ్వండి అన్నారు."

"ఆవిడతో మాట్లాడారా?"

"ఫోనులో మాట్లాడితే ఆవిడకి తలపోటు వస్తుందని ఉంది మేడమ్ ఫైల్లో."

నిజమే, ఉంది. ఆస్పత్రిలో పడుకున్నప్పుడు పోలీసాయన నంబరు అడిగితే, 'మా అన్నయ్యకి చెయ్యండి, నాకు తలపోటు' అని టైలరమ్మే చెప్పింది. ఆ తలపోటు ఎప్పుడో తగ్గిపోయింది. ఫైల్లో మాత్రం తగ్గలేదు. కొట్టులో రోజుకి పదిమందితో ఫోనులో మాట్లాడి కొలతలు రాసుకునే మనిషితో, ఆమె కేసు గురించి ఒక్కరూ ఫోనులో మాట్లాడలేదు.

ఆమె అన్నయ్య వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

అన్నయ్య నీళ్ళు నమిలాడు. "చెబుదామనే అనుకున్నా..."

"పొద్దున కార్లో నేను చెప్పుకుంటూంటే విన్నావు."

"విన్నాను."

"'రాలేదు' అనే దగ్గర గొంతు పడిపోతోంది, కాస్త గట్టిగా చెప్పు అన్నావు."

అన్నయ్యకి మాట తోచకపోవడం ఆమె అదే మొదటిసారి చూడటం. ఆమెకి కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో, అసలు ఇది మోసమో ప్రేమో తేల్చుకోలేకపోయింది. విచారణ జరగదని తెలిసి, వల్లించినంతసేపూ పక్కన కూర్చుని విని, పైగా ఆమె గొంతు సరిదిద్దాడే. చిన్నపిల్ల ఆటలో పెద్దవాళ్ళు తలూపినట్టు తలూపాడన్నమాట.

"అది కాదు తల్లీ," అన్నాడు చివరికి. "ఆ లాయరు నిన్ను నిలబెట్టి, నీ తలకి దెబ్బ తగిలింది కదా, ఇదంతా కల కదా అని పదిమందిలో అడుగుతాడు. నువ్వు ఏడుస్తావు. నేను చూడలేను. వాడి నోటితో తప్పయిందన్న మాట వింటే నీ మనసు కుదుటపడుతుందని తీసుకొచ్చాను."

"కల కదా అని ఆ లాయరు ఒక్కసారి అడుగుతాడు. నువ్వు రోజూ అన్నావు."

లోపలి నించి బంట్రోతు వచ్చి కేసు పిలిచాడు. టైలరమ్మ ప్రాసిక్యూటరమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు ఆపచ్చా అమ్మా?"

"ఒప్పందం ఆపే అధికారం మీకు లేదండీ," అంది ప్రాసిక్యూటరమ్మ. రెండడుగులు వేసి ఆగింది. "మీకు చెప్పకుండా చేసే అధికారం మాకూ లేదు."

కోర్టు గది చల్లగా ఉంది. ముద్దాయి అప్పటికే ముందు వరసలో తన లాయరు పక్కన నిలబడి ఉన్నాడు. టైలరమ్మ చూసిన మొదటి సంగతి ఆయన కోటు. ఎవరిదో అడిగి తెచ్చుకున్నది. భుజాలు జారిపోయాయి, చేతులు వేళ్ళదాకా వచ్చాయి. ఇలా ఇస్తే మధ్యాహ్నానికి సరిచేసి ఇచ్చేదాన్నే అనుకుంది. అనుకున్నందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

జడ్జిగారు పెద్దాయన. కాగితం చదువుతూ చదువుతూ కళ్ళజోడు పైనించి చూశారు. "ఒప్పందం గురించి బాధితురాలికి ముందుగా తెలియజేశారా?"

ఇదేమంత చిక్కు ప్రశ్న కాదు. రోజుకి పదిసార్లు అడుగుతారు, పదిసార్లూ తెలియజేశామనే జవాబు. ఇంట్లోవాళ్ళకి చెప్పాం అన్నా అబద్ధం కాదు. అవుననేస్తే పావుగంటలో అందరూ కిందకెళ్ళి కాఫీ తాగచ్చు. ప్రాసిక్యూటరమ్మ మైకు దగ్గరికి జరిగింది.

"ఆమె అన్నగారికి చెప్పామండీ. ఆమెకి చెప్పలేదు. ఆమెకి ఇప్పుడే, బయట బెంచీ మీద తెలిసింది. తప్పు మాదే."

ముద్దాయి లాయరు దిగ్గున లేచాడు. ఇది చిన్న పొరపాటనీ, ఒకే ఇల్లు, ఒకే కుటుంబం, అన్నకి చెబితే చెల్లెలికి చెప్పినట్టేననీ ఏకరువు పెట్టాడు.

జడ్జిగారు అంతా విన్నారు. "కారు గుద్దింది అన్నగారిని కాదు కదా," అన్నారు. తర్వాత టైలరమ్మ వైపు తిరిగారు. "అమ్మా, ఈ ఒప్పందం మీకు నచ్చకపోయినా నేను ఒప్పుకోవచ్చు. కాని దానికి ముందు మీ మాట నేను వినాలి. ఏమైనా చెబుతారా?"

ఆమె లేచి మైకు దగ్గరికి నడిచింది. కుడిపాదానికి స్పర్శ లేదు, అందుకని చూసి చూసి అడుగు వేస్తుంది. కుట్టుమిషను పెడలు కూడా ఇప్పుడు ఎడంకాలితోనే. మొదట్లో కుడికాలితో తొక్కబోతే ఎంత నొక్కుతోందో తెలిసేది కాదు, మిషను గుడ్డని దాటి పరుగెత్తేది. ఆస్పత్రికి ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే పాదం దక్కేదని డాక్టరు అన్నాడు. అదీ మెత్తగానే అన్నాడు.

మైకు ముందు నిలబడేసరికి వల్లించిన నాలుగు ముక్కల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"నాకంతా గందరగోళంగా ఉందండీ," అంది. "ఆయన నన్ను చూడలేదని ఆ కాగితంలో ఉందట. చూశాడని నా తలలో ఉంది. రెండూ నిజం కావడానికి లేదు. నాదే తప్పయితే నేను ఒప్పుకుంటాను. తలకి దెబ్బ తగిలింది నాకే కదా. కాని ఆ ముక్క ఎవరో ఒకరు చెప్పాలి. మీరంతా కలిసి, అసలు అడగకుండానే తేల్చేశారు."

ఆమె మైకు కాడని పట్టుకుంది.

"ఇంకోటి. ఇది నేను మా ఇంట్లో కూడా చెప్పలేదు. నేను కింద పడి ఉన్నప్పుడు ఇంకో బండి వెళ్ళింది. దగ్గర్లోంచే వెళ్ళింది. కేక వేస్తే వినిపించేది. నేను వెయ్యలేదండీ. ఇప్పుడే వస్తాను, కదలకండి అన్నాడు కదా, వస్తాడు కదా అని వెయ్యలేదు. ఆయన ఆ మాట అనకపోతే మరి నేనెందుకు కేక వెయ్యలేదు? ఊరికే, కలగని, నా పాదం నేనే పోగొట్టుకున్నానా? అది తెలియాలి నాకు. ఆయన రాలేదు. కాని వస్తానన్నాడా లేదా?"

వెనక వరసలో అన్నయ్య చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"వచ్చాను."

ఎవరన్నారో ముందు ఎవరికీ తెలీలేదు. లాయరు ముద్దాయి మోచెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో ఏదో అంటున్నాడు. జడ్జిగారు కూడా చెయ్యెత్తి, మీరిప్పుడు మాట్లాడక్కర్లేదు, మాట్లాడితే అది మీ మీదకే వస్తుందని హెచ్చరించారు. ఇన్నాళ్ళూ చెప్పినట్టు విన్న ఆ మనిషి, కోటు చేతుల్లోంచి వేళ్ళు బయటికి తీసి, లాయరు చేతిని విడిపించుకున్నాడు. రెండు ఆరోపణలకీ పలకనివాడు, రాలేదన్న ఒక్క మాటకి తట్టుకోలేకపోయాడు.

"తిరిగొచ్చానండీ. కారు పక్కవీధిలో పెట్టి నడిచొచ్చాను. భయమేసి అక్కడే చాలాసేపు కూర్చుండిపోయాను, అది నిజం. వచ్చేసరికి జనం ఉన్నారు. వాళ్ళ వెనకాల నిలబడ్డాను. ఆవిణ్ణి అంబులెన్సులో ఎక్కించేదాకా ఉన్నాను. ముందుకి రాలేకపోయాను. కాని వచ్చాను." ఆయన టైలరమ్మ వైపు చూడలేక మైకు వైపు చూస్తున్నాడు. "కదలకండి అన్నానండీ. అన్నాను."

లాయరు కూర్చుండిపోయాడు. అంత కష్టపడి కుదిర్చిన ఒప్పందం కళ్ళ ముందే కూలిపోతుంటే పాపం ఏం చేస్తాడు?

టైలరమ్మ మైకుని పట్టుకుని అలాగే నిలబడింది. నిజమే. తన తల తనకి ద్రోహం చెయ్యలేదు. ఇన్నాళ్ళూ కావాలనుకున్నది ఇదే, దొరికింది. కాని నాలుగు ముక్కల్లో మూడు నిజమయ్యాయి, నాలుగోది కాలేదు. మళ్ళీ రాలేదు అని ఏడాది పైగా తిట్టుకున్న మనిషి వచ్చాడట, వచ్చి జనం వెనక దొంగలా నిలబడ్డాడట. ఇప్పుడు ఈయన్ని ఎక్కువ అసహ్యించుకోవాలా, తక్కువా? కళ్ళనీళ్ళు కారుతున్నాయి, ఏ లెక్కన కారుతున్నాయో ఆమెకే తెలీదు.

"ఈ కాగితం మీద ఉన్నట్టుగా ఒప్పందాన్ని నేను ఇవాళ ఆమోదించలేను," అన్నారు జడ్జిగారు. "ఇరుపక్షాలూ మళ్ళీ మాట్లాడుకోండి. అమ్మా, ఇప్పుడు విన్నారు కదా. ఏం చేస్తే బాగుంటుందని మీరనుకుంటున్నారు?"

వెనక కుర్చీ కిర్రుమంది. అలవాటు కొద్దీ అన్నయ్య లేచి నిలబడ్డాడు. "మా చెల్లెలి ఉద్దేశమేమిటంటేనండీ..." అని మొదలుపెట్టాడు. అందరూ తిరిగి చూశారు. ఆయన్ని ఎవరూ కూర్చోమనలేదు. చెల్లెలి వీపు వైపు ఒకసారి చూసి, ఆమె ఉద్దేశమేమిటో తనకి తెలియదన్న సంగతి అప్పుడే తట్టినట్టు, తనంతట తనే కూర్చున్నాడు.

"నాకు తెలీదండీ," అంది టైలరమ్మ. ఆ మాట అనడానికి ఆమెకి సిగ్గనిపించలేదు. "ఆలోచించుకోవాలి."

"ఆలోచించుకోండి."

ప్రాసిక్యూటరమ్మ దగ్గరికొచ్చి కలం తీసింది. "ఏ నిర్ణయమైనా ముందు మీకే చెప్తాను. ఎవరికి చెయ్యమంటారు ఫోను?"

"నాకు."

"నంబరు చెప్పండి."

తన నంబరు తను ఎవరికైనా చెప్పి చాలాకాలమైంది. కొట్టుకి వచ్చే ఫోన్లు కొట్టు నంబరుకి వస్తాయి, ఇంటివి అన్నయ్యకి. సగం చెప్పి ఆగిపోయింది. తర్వాతి అంకె గుర్తుకి రాలేదు. వెనక్కి తిరిగి చూసింది. అన్నయ్యకి అందరి నంబర్లూ కంఠతా వచ్చు. ఆయన పెదవులు కదిలాయి, మళ్ళీ బిగుసుకున్నాయి. చెల్లెలి మొహంలోకే చూస్తూ, ఏడుస్తూ, ఒక్క అంకె కూడా అందించకుండా కూర్చున్నాడు.

కాస్త ఆలస్యమైనా, మిగతా అంకెలు ఆమే చెప్పింది.